ఉర్లగడ్డలు, దానిమ్మపండ్లు, దహనం కాని శవం: బెంగళూరు తెలుగువాళ్ళకు కొన్ని వింత సినిమాలు

బెంగళూరులో ఉంటూ కాస్త వేరే రకం సినిమాలు చూద్దామనుకునే తెలుగువాళ్ళకు స్నేహితులిచ్చే జాబితా సాధారణంగా రష్యా దర్శకుడు తార్కోవ్‌స్కీతో మొదలవుతుంది, స్వీడన్ దర్శకుడు బెర్గ్‌మన్ మీదుగా పోతుంది, మూడో ఆదివారానికి సోఫాలో నిద్రగా ముగుస్తుంది. ఆ సినిమాల్లో తప్పు లేదు, వరసలో ఉంది. భాష సగం తెలిసిన సినిమాలు, మనుషులు బాగా తెలిసిన సినిమాలు పక్క వీధిలోనే ఉండగా మాస్కో దాకా పోనక్కర్లేదు. కన్నడ సమాంతర సినిమాకు ఈ ఊళ్ళో కొబ్బరికాయ కొట్టినవాడే ఒక నెల్లూరు కవి. 1939లో ‘ఫిడేలు రాగాల డజన్’ అచ్చేసి తెలుగు ఛందస్సు నడ్డి విరుస్తానన్న తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి, 1970లో ‘సంస్కార’ తీశాడు.

యు.ఆర్. అనంతమూర్తి నవల అది. మాధ్వ బ్రాహ్మణుల అగ్రహారంలో నారణప్ప చచ్చిపోతాడు. బతికినన్నాళ్ళూ తాగాడు, మాంసం తిన్నాడు, చంద్రి అనే ఆమెను ఇంట్లో పెట్టుకున్నాడు. ఇప్పుడు శవానికి నిప్పు ఎవరు పెట్టాలి? శవం లేచేదాకా ఊళ్ళో ఎవరికీ అన్నం లేదు. శాస్త్రాలన్నీ చదివిన ప్రాణేశాచార్యుడు గ్రంథాలు తిరగేస్తుంటాడు, జవాబు దొరకదు, బయట ఎలుకలు చచ్చి పడుతుంటాయి. ప్రాణేశాచార్యుడుగా గిరీశ్ కర్నాడ్, నారణప్పగా పి. లంకేశ్, చంద్రిగా పట్టాభి భార్య స్నేహలతారెడ్డి. కెమెరా టామ్ కోవన్ అనే ఆస్ట్రేలియా వాడిది, సంగీతం సరోద్ విద్వాంసుడు రాజీవ్ తారానాథ్‌ది. సెన్సారు వాళ్ళు మొదట బయటికి రానివ్వలేదు. తర్వాత విడుదలై, జాతీయ ఉత్తమ చిత్రంగా నిలిచిన తొలి కన్నడ సినిమా అయింది.

‘ఇది సినిమా కాదు, నవలకు బొమ్మలు’ అని దీని మీద ఒక పాత ఆక్షేపణ ఉంది. సగం నిజమే. మొదటి సగంలో బ్రాహ్మణులంతా అరుగుల మీద కూర్చుని వాదించుకునే దృశ్యాలు నాటకం వాసన వేస్తాయి. ఒకరి మాట పూర్తిగా అయ్యాకే ఇంకొకరు నోరు తెరుస్తారు, నిజం గొడవల్లో అట్లా జరగదు. కానీ ఆచార్యుడు అగ్రహారం వదిలి నడక మొదలుపెట్టిన దగ్గరి నుంచి సినిమా వేరే అయిపోతుంది. పుట్ట అనే వాగుడుకాయ ఒకడు దారిలో తగులుకుని, ఎంత వదిలించుకున్నా వదలడు. ఆ జాతర, ఆ జనం, తనెవరో ఎవరికైనా తెలిసిపోతుందేమోనని బిక్కచచ్చిన ఆచార్యుడి మొహం, ఇవన్నీ కెమెరా మాత్రమే చెప్పగలిగినవి. కాబట్టి మొదటి గంట ఓపిక పట్టమని చెప్పడం న్యాయమే. తెలుపు నలుపు సినిమా కదా, వెబ్‌లో దొరికే కాపీల్లో ఇళ్ళ లోపలి దృశ్యాలు మసిబొగ్గులా ఉంటే టీవీలో బ్రైట్‌నెస్ పెంచకండి. గామా (నలుపుకీ తెలుపుకీ మధ్య ఛాయలను సర్దే సెట్టింగు) ఒక మెట్టు మార్చండి. బ్రైట్‌నెస్ పెంచితే నలుపు బూడిదవుతుంది తప్ప మొహం కనబడదు.

అదే అనంతమూర్తి కథతో గిరీశ్ కాసరవల్లి 1977లో తీసిన ‘ఘటశ్రాద్ధ’ ఇంకో మెట్టు పైన ఉంటుందని నా తీర్పు. ‘సంస్కార’ అభిమానులు ఒప్పుకోరు. కారణం చెబుతాను. అక్కడ ప్రశ్నను పెద్దవాళ్ళు నోటితో అడుగుతారు, ఇక్కడ నాని అనే చిన్న పిల్లవాడు చూస్తాడు, అంతే. వేదపాఠశాల నడిపే ఉడుపుల కూతురు యమున, చిన్న వయసు వితంతువు, గర్భవతి అవుతుంది. పిల్లవాడికి సగం అర్థమవుతుంది, మిగతా సగం భయంగా మిగులుతుంది. కెమెరా వాడికి తెలిసినదానికంటే ఎక్కువ చెప్పదు. బి.వి. కారంత్ సంగీతం కూడా ఎక్కువ చెప్పదు. దీన్ని రీస్టోర్ చేసి 2024లో వెనిస్ ఉత్సవంలో క్లాసిక్స్ వరసలో వేశారు. పాత కాపీ చూసి ‘మసక మసకగా ఉంది’ అని పక్కన పెట్టేసినవాళ్ళు కొత్త ప్రింటు ఎక్కడ వేసినా పోయి చూడాలి. రాత్రి దృశ్యాల్లో అడవి ఉందన్న సంగతే పాత కాపీల్లో తెలియదు.

ఇప్పుడు ఒక జంట. దీన్ని వరసగా రెండు రోజులు చూడాలి, ఒకే రోజు వద్దు. మొదటిరోజు బి.వి. కారంత్ ‘చోమన దుడి’ (1975), రెండోరోజు మృణాల్ సేన్ తెలుగులో తీసిన ‘ఒక ఊరి కథ’ (1977). రెండింటిలోనూ ముసలాయన ఒక్కడే, వాసుదేవరావు. చోముడికి సొంతంగా కాస్త నేల దున్నుకోవాలని కోరిక. ఎద్దులున్నాయి, ఒంట్లో సత్తువుంది, కులం అడ్డం. కడుపులో మండినప్పుడల్లా దుడి, అంటే డోలు, వాయిస్తాడు. ఆ పాత్రకు వాసుదేవరావుకు జాతీయ ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది. మరుసటి రోజు అదే మొహం, వెంకయ్య. ప్రేమ్‌చంద్ ‘కఫన్’ ఆధారం. వీడు పని చెయ్యనంటాడు. ఒళ్ళు వంచి చేసినంతా ఆసామి గాదెలోకే పోతుంటే ఎందుకు చెయ్యాలి, అని వాడి లెక్క. దున్నడానికి తపించి చచ్చినవాడూ, దున్నను పొమ్మన్నవాడూ ఒకే ముడతల మొహంలో కనబడితే ఏ వ్యాసమూ చెప్పలేనిది తెలుస్తుంది.

‘ఒక ఊరి కథ’ మీద ఒక పేచీ ఉంది. వెంకయ్య తిరుగుబాటుకి చాలామంది చప్పట్లు కొడతారు. కానీ ఇంటికి కోడలిగా వచ్చిన నీలమ్మ (మమతా శంకర్) రెక్కలు ముక్కలు చేసుకుంటేనే కదా తండ్రీకొడుకుల తిరుగుబాటుకి తిండి. సేన్‌కి ఇది తెలుసు, ఆమెను అంతసేపు తెర మీద ఉంచింది అందుకే. వెంకయ్య మాటలకు మాత్రం ఆయనే ముగ్ధుడైపోయినట్టు కొన్నిచోట్ల అనిపిస్తుంది. ఇంకొకటి, తెలుగువాళ్ళకు మాత్రమే తగిలే ఇబ్బంది: కొందరి ఉచ్చారణ ఊరికి అతకదు. బయటివాళ్ళు సబ్‌టైటిల్స్ చదువుకుంటారు, వాళ్ళకు ఈ బాధ లేదు. అరగంటలో చెవి సర్దుకుంటుంది.

ఇదే దారిలో బి. నర్సింగరావు ‘దాసి’ (1988) ఉంది. గడీలో, అంటే దొర ఇంట్లో, ఆడబాప (కట్టుదాసి) కమలాక్షిగా అర్చన. ఆమెకు జాతీయ ఉత్తమ నటి అవార్డు, ఎ.కె. బీర్ ఛాయాగ్రహణానికీ, చిత్రకారుడు వైకుంఠం కళాదర్శకత్వానికీ అవార్డులు. మాటలు చాలా తక్కువ, పని చాలా ఎక్కువ: నీళ్ళు మోయడం, ఊడ్చడం, కాళ్ళు కడగడం. దీన్ని ‘స్లో’ అని తీసిపారేసేవాళ్ళకు ఒక చిన్న పరీక్ష చెబుతాను. ఈ జాబితా అంతటికీ అదే కొలబద్ద. ఏదైనా నిదానమైన సినిమాలో మనసులోనే పది నిమిషాలు కత్తిరించి చూడండి. కథ మిగిలి, బరువు పోతే ఆ పది నిమిషాలకు పనుంది. ఏమీ పోకపోతే దర్శకుడు ఊరికే కూర్చోబెట్టాడు. ‘దాసి’లో కత్తిరిస్తే కమలాక్షి రోజు తేలికైపోతుంది. అక్కడ కత్తిరించడం అంటే ఆమె చాకిరీని దాచడం.

ఈ కొలబద్దకు ప్రపంచంలో అతి పెద్ద ఉదాహరణ బెల్జియం దర్శకురాలు షాంతాల్ అకెర్మన్ తీసిన ‘జాన్ దీల్మన్’ (1975). నిడివి 201 నిమిషాలు. అసలు పేరులో బ్రసెల్స్ ఇంటి చిరునామా మొత్తం ఉంటుంది, అది వదిలేద్దాం. ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక 2022లో విమర్శకుల ఓట్లతో వేసిన అత్యుత్తమ చిత్రాల జాబితాలో మొదటి స్థానం దీనిది. ఒక వితంతువు, ఆమె కొడుకు, ఒక చిన్న ఫ్లాట్, మూడు రోజులు. వంట, గిన్నెలు, మంచం మడవడం, మధ్యాహ్నం ఒక మగవాడు వచ్చిపోవడం, వాడిచ్చిన డబ్బు భోజనాల బల్ల మీది పింగాణీ గిన్నెలో వేసి మూత పెట్టడం. కెమెరా కదలదు, సంగీతం లేదు, మొహం దగ్గరకు పోదు.

దీన్ని ఎట్లా చూడాలో తెలియక చాలామంది మొదటి గంటలోనే లేస్తారు. మొదటిరోజు మీ పని కథ వెతకడం కాదు, ఆమె అలవాట్లు గుర్తు పెట్టుకోవడం. గది దాటిన ప్రతిసారీ దీపం ఆర్పుతుంది. గిన్నె మూత మరచిపోదు. గుండీలన్నీ పెట్టుకుంటుంది. జుట్టు చెదరదు. రెండోరోజు మధ్యాహ్నం తర్వాత ఉర్లగడ్డలు మాడిపోతాయి. అంతే, ఆ క్షణం నుంచి ఇది ఉత్కంఠ సినిమా. మూత తెరిచే ఉంది, దీపం ఆర్పలేదు, చెంచా చేతిలోంచి జారింది అని మీరే లెక్కపెడుతూ కుర్చీ అంచుకు వస్తారు. మొదటి గంట ‘ఫార్వర్డ్’ కొట్టినవాళ్ళకు ఇదేమీ కనబడదు, ఎందుకంటే మాడిన ఉర్లగడ్డ వింత అని తెలియాలంటే మాడని ఉర్లగడ్డ చూసి ఉండాలి. మన ఇళ్ళలో వంటగది పక్కన పెరిగినవాళ్ళెవరికైనా ఇది ఫ్రెంచి విమర్శకులకంటే బాగా అర్థమవుతుంది. వంట కుదరని రోజు ఇంట్లో ఏదో జరిగిందని చిన్నపిల్లలు కూడా పసిగడతారు.

ఒకే విడత చూడాలా అంటే చూడాలి. కుదరకపోతే రెండోరోజు మొదలయ్యే చోట ఆపండి, సినిమాయే అక్కడ అక్షరాల్లో చెబుతుంది. మధ్యలో ఆపితే లెక్క తప్పుతుంది. ఫోన్ ఇంకో గదిలో.

డిస్కు కొనేవాళ్ళకు ఒక మాట. పాత యూరప్ డీవీడీ వెనక 193 నిమిషాలని ఉంటే ఎనిమిది నిమిషాలు కోసేశారని గాబరా పడొద్దు. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, అక్కడి పాత టీవీ పద్ధతి సెకనుకు 25, అందుకని మొత్తం నాలుగు శాతం వేగంగా నడుస్తుంది. 201ని 0.96తో గుణిస్తే లెక్క సరిపోతుంది. గొంతులు ఒక పిసరు పలచబడతాయి, నడక తొందరగా అనిపిస్తుంది. నిదానమే ప్రాణమైన సినిమాకు అది మంచిది కాదు కాబట్టి బ్లూరే తీసుకోవడం మేలు. అయితే బ్లూరే డిస్కులకు ప్రాంతాల వారీగా తాళం ఉంటుంది, ఆ లెక్కలో మన దేశం సీ రీజియన్. అమెరికా డిస్కులు ఏ, యూరప్ డిస్కులు బీ. ఇక్కడ కొన్న మామూలు ప్లేయరులో అవి తిరగకపోవచ్చు, ఆర్డరు పెట్టే ముందే రీజియన్ ఫ్రీ ప్లేయరు ఉందో లేదో చూసుకోవాలి. 4కే డిస్కులకు ఈ గొడవ లేదు, వాటికి రీజియన్ తాళం ఉండదు.

టీవీ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే ‘బోరు’ అని వచ్చే ఫిర్యాదుల్లో కొన్ని సినిమావి కావు, టీవీవి. కొత్త టీవీలన్నీ ఫ్రేములకు మధ్య లేని ఫ్రేములు తయారుచేసి కదలికను నున్నగా చేస్తాయి. సోనీలో మోషన్‌ఫ్లో, ఎల్‌జీలో ట్రూమోషన్, శామ్‌సంగ్‌లో పిక్చర్ క్లారిటీ. ఆపేయండి. ఆపకపోతే 1975 బ్రసెల్స్ వంటగది రాత్రి ఎనిమిది గంటల సీరియల్ సెట్టులా కనబడుతుంది. షార్ప్‌నెస్ తగ్గించండి, లేకపోతే పాత ఫిల్ము రేణువులు చీమల్లా పాకుతాయి. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే ఒక్క మీట నొక్కితే ఈ రెండూ అయిపోతాయి. ఇక బొమ్మ ఆకారం: ఈ సినిమాల్లో చాలావరకు దాదాపు 4:3 చట్రంలో తీసినవి. పక్కల నల్ల పట్టీలు చూసి డబ్బులు దండగయ్యాయని ‘ఫుల్’ పెట్టి సాగదీస్తే మనుషులు బొద్దుగా అవుతారు, ‘జూమ్’ పెడితే తలలు తెగుతాయి. 55 అంగుళాల టీవీలో 4:3 బొమ్మ నికరంగా 45 అంగుళాలే వస్తుంది, కాబట్టి సోఫాను రెండడుగులు ముందుకు జరపడమే మందు.

సాగదీయడం వల్ల పూర్తిగా చచ్చిపోయే సినిమా సెర్గీ పరాజనోవ్ ‘దానిమ్మల రంగు’ (1969). సాయత్ నోవా అనే ఆర్మేనియా కవి జీవితమని చెబుతారు గానీ, జీవితచరిత్ర అనుకుని కూర్చుంటే పప్పులో కాలేసినట్టే. ఒక్కో దృశ్యం ఒక్కో పటం. కెమెరా కదలదు, మనుషులు మనకేసి చూస్తూ తోలుబొమ్మల్లా చెయ్యి ఎత్తుతారు, దించుతారు. తెల్ల గుడ్డ మీద దానిమ్మలు, వాటి రసం ఎర్రగా పాకుతుంది. చర్చి కప్పు మీద ఆరబెట్టిన పుస్తకాల పుటలు గాలికి రెపరెపలాడతాయి. సోఫికో చియౌరెలీ అనే నటి కవీ తనే, కవి ప్రేమించినామే తనే, ఇంకా కొన్ని పాత్రలూ తనే. కాళహస్తి కలంకారీ గుడ్డ మీద కథ ఎట్లా చదువుతామో అట్లా చదవాలి: ఎడమ నుంచి కుడికి, గడి తర్వాత గడి, ఏ గడిలో ఎవరి చేతిలో ఏముందో చూసుకుంటూ. ఆ అలవాటున్నవాళ్ళకు ఈ సినిమా కష్టమే కాదు.

ఇందులో జాగ్రత్త పడాల్సింది ఏ కాపీ చూస్తున్నామన్న దాని గురించి. రెండు రకాలు తిరుగుతున్నాయి. ఒకటి ఆర్మేనియాలో విడుదలైనది, సుమారు 79 నిమిషాలు. రెండోది సెర్గీ యుత్కెవిచ్ అనే మరో దర్శకుడు మళ్ళీ కూర్చినది, కాస్త పొట్టిది, దృశ్యాల వరస మారింది, అధ్యాయాలకు రష్యన్ శీర్షికలు తగిలించారు. 2014లో రీస్టోర్ చేసింది ఆర్మేనియా ప్రతినే. రెండోది సులభంగా అర్థమవుతుందని సమర్థించేవాళ్ళున్నారు. అది అర్థం చేయించాలనే కూర్చారు, అదే దాని లోపం. పటాల మధ్య దారం మనం గుచ్చుకోవాలి.

కమల్ స్వరూప్ ‘ఓం దర్-బ-దర్’ గురించి మాట్లాడితే గొడవ ఖాయం. 1988లో తయారై, థియేటర్లలోకి 2014 జనవరిలో వచ్చింది. మధ్యలో ఇరవై ఆరేళ్ళు. అజ్మేర్, పుష్కర్, ఓం అనే కుర్రవాడు, ఉద్యోగం వదిలి జాతకాలు చెప్పే తండ్రి, వజ్రాలు మింగిన కప్పలు. కథ అడగొద్దు. ఇది ఏమీ లేని గందరగోళమని ఒక వర్గం, హిందీలో ఇంతకంటే స్వేచ్ఛగా సినిమా రాలేదని ఇంకో వర్గం. స్వేచ్ఛ మాట నిజం, కానీ ఆ స్వేచ్ఛ భాషలో ఉంది. పాటలు, ప్రకటనలు, రేడియో మాటలు, పాఠ్యపుస్తకం హిందీ, బజారు హిందీ, వీటన్నిటినీ రోట్లో వేసి రుబ్బాడు. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ మీద మాత్రమే ఆధారపడితే చేతికి పిండే వస్తుంది, పచ్చడి రుచి రాదు. రాయలసీమ, హైదరాబాదు వైపు దక్కనీ వింటూ పెరిగినవాళ్ళు సబ్‌టైటిల్స్ ఆపేసి చూస్తే రెండింతలు నవ్వుతారు. హిందీ అస్సలు రానివాళ్ళకు సిఫారసు చెయ్యను. 101 నిమిషాల్లో మొదటి ఇరవై నచ్చకపోతే ఆపేయవచ్చు, తర్వాత మెత్తబడదు. ఈ జాబితాలో మధ్యలో మానేసినా తప్పులేని సినిమా ఇదొక్కటే.

మణి కౌల్ ‘ఉస్‌కీ రోటీ’ (1970) విషయంలో నేను అల్పసంఖ్యాకుల పక్షం. బస్సు డ్రైవరు భార్య రొట్టెల మూట పట్టుకుని రోడ్డు పక్కన నిలబడి ఎదురుచూస్తుంది. 28 మిల్లీమీటర్లదొకటి, 135దొకటి, రెండే లెన్సులు పెట్టుకుని, జరిగేదానికి ఒకటి, తలపుల్లో మెదిలేదానికి ఒకటి అని మొదలుపెట్టి, తర్వాత వాటిని తారుమారు చేస్తాడు. ఛాయాగ్రాహకుడు కె.కె. మహాజన్, ‘ఒక ఊరి కథ’కు కెమెరా పట్టిందీ ఆయనే. బడిలో పాఠం చెప్పడానికి ఇంతకంటే మంచి సినిమా లేదు. కానీ పైన చెప్పిన కొలబద్ద పెడితే నాకు తేడా తెలుస్తుంది: జాన్ దీల్మన్ చేతుల్లో పని నడుస్తుంది, ఇక్కడ చేతులు ఒక భంగిమలో ఆగిపోతాయి. ఎదురుచూపు బరువు కంటే ఎదురుచూపు బొమ్మ ఎక్కువ గుర్తుంటుంది. ‘అదే కదా ఆయన చెయ్యాలనుకుంది’ అంటారు కౌల్ శిష్యులు. అనుకుంది చేశాడని ఒప్పుకుంటూనే, మణి కౌల్‌ను కొత్తగా చూసేవాళ్ళను ‘దువిధ’ (1973) వైపు పంపుతాను. దెయ్యం కథ ఉంది, రంగులున్నాయి, నిడివి చిన్నది.

మళ్ళీ ఉర్లగడ్డ. హంగరీ దర్శకుడు బేలా తార్ ‘ట్యూరిన్ హార్స్’ (2011), 146 నిమిషాలు, మొత్తం కలిపి ముప్పై షాట్లు. తండ్రి, కూతురు, గుర్రం, బయట ఆగని ఈదురుగాలి. రోజూ ఒక్కో ఉడికిన ఉర్లగడ్డ. తండ్రికి ఒక చెయ్యి పని చెయ్యదు, పొగలు కక్కే గడ్డను ఒంటిచేత్తో తొక్క తీసి తింటాడు. ఆరు రోజులు. రోజుకొకటి పోతుంది: గుర్రం మేత మానేస్తుంది, బావి ఎండిపోతుంది, చివరికి దీపం అంటుకోదు. ఒక్కో రోజు అదే భోజనం వేరే వైపు నుంచి చూపిస్తాడు, ఒకసారి తండ్రి, ఒకసారి కూతురు. అది గమనిస్తే విసుగు రాదు. దీనికి బొమ్మకంటే శబ్దం ముఖ్యం. టీవీ సొంత స్పీకర్లలో ఆ గాలి పాడైన మిక్సీలా వినిపిస్తుంది, హెడ్‌ఫోన్లు పెట్టుకోవాలి. సౌండ్‌బారులో ‘నైట్ మోడ్’ ఉంటే తీసేయాలి, అది పెద్ద శబ్దాన్ని తగ్గించి, చిన్న శబ్దాన్ని పెంచి గాలినీ గుసగుసనూ ఒకటే చేస్తుంది.

ఆయనదే ‘సాతాన్‌టాంగో’ (1994) ఏడు గంటల పైచిలుకు. 2025లో సాహిత్యానికి నోబెల్ అందుకున్న లాస్లో క్రస్నహోర్కయి నవల అది. పన్నెండు అధ్యాయాలు, టాంగో నాట్యంలా ఆరడుగులు ముందుకు, ఆరు వెనక్కి. ఇంట్లో చూసేట్టయితే మూడు రాత్రులకు నాలుగేసి అధ్యాయాలు చొప్పున పంచుకోవచ్చు. చిన్న అమ్మాయి, పిల్లి ఉన్న అధ్యాయం చూడటం కష్టం, జంతువులంటే ప్రాణమున్నవాళ్ళు ముందే తెలుసుకుని ఉండటం మంచిది. ముందు ‘ట్యూరిన్ హార్స్’ అరిగించుకున్నాకే దీని జోలికి పోవాలి. తిరగేసి చూసినవాళ్ళలో చాలామంది రెండోదాకా రారు.

ఎక్కడ చూడాలి. ముబి లాంటి యాప్‌లలో పైన చెప్పిన విదేశీ సినిమాలు వస్తూ పోతూ ఉంటాయి, హక్కుల గడువు తీరితే మాయమవుతాయి, కాబట్టి ‘తర్వాత చూద్దాం’ జాబితాలో వేసి ఏడాది పాటు మరచిపోవడం ఈ రకం సినిమాలకు పనికిరాదు. పెద్దతెర కావాలంటే బెంగళూరు అంతర్జాతీయ చలనచిత్రోత్సవం. 2025లో మార్చి 1 నుంచి 8 దాకా రాజాజీనగర్ ఒరాయన్ మాల్‌లో జరిగింది, పాసు 800 రూపాయలు, విద్యార్థులకూ ఫిల్మ్ సొసైటీ సభ్యులకూ సగం ధర. పాసు ఉన్నంత మాత్రాన సీటు ఉన్నట్టు కాదు, ముందొచ్చినవాళ్ళకే సీటు. ఆ ఏడాది కాన్, వెనిస్‌లలో గెలిచిన సినిమాకు సాయంత్రం లైను కట్టడం దండగ, ఎలాగూ కొన్ని నెలల్లో ఏదో ఒక యాప్‌లోకి వస్తుంది. ఉదయం మొదటి ఆట, పాత సినిమాల విభాగం, ఈ రెండూ పట్టుకోండి. రీస్టోర్ చేసిన ప్రింటు పెద్దతెర మీద దొరికేది అక్కడే.

ఏడాది పొడుగునా అయితే బనశంకరిలో సుచిత్ర. 1971 నుంచి ఉన్న ఫిల్మ్ సొసైటీ, కన్నడ సమాంతర సినిమాకు పుట్టినిల్లు లాంటిది, ‘ఘటశ్రాద్ధ’ తరహా సినిమాలు చూశాక మాట్లాడుకునే జనం అక్కడే ఉంటారు. దొమ్మలూరులో బెంగళూరు ఇంటర్నేషనల్ సెంటర్, ఇందిరానగర్‌లో గోథె ఇన్‌స్టిట్యూట్ కూడా సినిమాలు వేస్తాయి. సాయంత్రం ఆరున్నర ఆటకు వైట్‌ఫీల్డ్ నుంచి బనశంకరి రావాలనుకునేవాళ్ళు మెట్రో లెక్క చూసుకోవాలి: పర్పుల్ లైనులో మెజెస్టిక్ దాకా, అక్కడ గ్రీన్ లైను. కారులో సిల్క్ బోర్డు మీదుగా వస్తే సినిమా మొదటి అరగంట రోడ్డు మీదే అయిపోతుంది. నిదానమైన సినిమాకు ఆలస్యంగా పోవడం కంటే పోకపోవడం నయం, మొదటి పది నిమిషాల్లోనే అది మన చూపు వేగాన్ని సర్దుతుంది.

పిల్లలతో అయితే అరవిందన్ మలయాళం సినిమా ‘కుమ్మాట్టి’ (1979) ఒక్కటి చాలు. పాటలు పాడుతూ ఊరికొచ్చే బూచాడు పిల్లల్ని జంతువులుగా మారుస్తాడు, కుక్కగా మారిన ఒకడు మళ్ళీ మనిషయ్యే సమయానికి అక్కడ ఉండడు. 2021లో రీస్టోర్ అయింది, ఆ పచ్చిక రంగు పాత కాపీల్లో లేదు. పదేళ్ళ పిల్లలకు మాటలు తెలియకపోయినా కథ తెలుస్తుంది. పెద్దవాళ్ళే ‘దీని అర్థమేంటి’ అని వేధిస్తారు. అసలు ఏ ఓపికా లేనివాళ్ళకు క్రిస్ మార్కర్ ‘లా జెతే’ (1962), 28 నిమిషాలు, అంతా నిశ్చల ఛాయాచిత్రాలే, ఒకే ఒక్కచోట బొమ్మ కదులుతుంది. ఎక్కడో చెప్పను. ఆ క్షణం కోసం రెప్ప వేయకుండా చూడాలి.

త్సాయ్ మింగ్-లియాంగ్ ‘గుడ్‌బై, డ్రాగన్ ఇన్’ (2003) ఈ ఊరివాళ్ళకు ప్రత్యేకం. మూతపడబోయే పాత థియేటరులో ఆఖరి ఆట, బయట వాన, లోపల నలుగురైదుగురు, మాటలు దాదాపు లేవు. టికెట్లమ్మే ఆమె కుంటుకుంటూ మెట్లెక్కే షాట్ నిడివి మీద అందరూ జోకులేస్తారు. బెంగళూరులో కపాలి, ప్లాజా థియేటర్లు పోయాక కూడా ఆ మెట్లు పొడుగనిపిస్తే నాకు చెప్పడానికేమీ లేదు.

చివరగా డెరెక్ జార్మన్ ‘బ్లూ’ (1993). గంటా పావుకు పైగా తెర మీద ఒకే నీలం, ఇంకేమీ లేదు. ఎయిడ్స్‌తో చూపు పోతున్న దర్శకుడు చివరి రోజుల్లో చేసింది. గొంతులు, గంటలు, ఆసుపత్రి శబ్దాలు. ‘దీనికి తెర ఎందుకు, రేడియో నాటకం చాలదా’ అనే ప్రశ్న తెలివైనదే, కానీ ఇరవై నిమిషాలు ఆ నీలాన్ని చూశాక కన్ను తనంతట తానే అంచుల దగ్గర పసుపు పుట్టిస్తుంది, చెవి పదునెక్కుతుంది. రేడియోకి అది రాదు. గది పూర్తిగా చీకటి చెయ్యాలి, టీవీలో ‘ఎకో’ మోడ్ తీసేయాలి, లేకపోతే చీకటి గదిని చూసి టీవీ వెలుతురు తనే తగ్గించేస్తుంది. ఓలెడ్ టీవీలు మారని బొమ్మను చూసి కూడా వెలుతురు తగ్గించవచ్చు. ప్రొజెక్టరు మీద వేసేట్టయితే ముందు లెన్సు తుడవండి. మామూలు సినిమాలో ఎవరికీ కనబడని దుమ్ము మచ్చ ఇందులో గంటా పావు సేపు కనబడుతుంది, చూసినవాళ్ళు అది కూడా దర్శకుడే పెట్టాడనుకుంటారు.